సూళ్ళేదమ్మా, ఇన్నాను

2024లో, ఎండలు ముదిరిన రోజుల్లో, అనకాపల్లి చుట్టుపక్కల ఒక ఓటీటీ సిరీస్ మీద సర్వే చేయించే పని నా నెత్తిన పడింది. నేనొక మార్కెట్ రీసెర్చ్ కంపెనీలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. ఈ మాట చెబితే చాలామంది "ఓహో, జనాభా లెక్కలా?" అంటారు. కాదు. సబ్బుల మీదా, టీ పొడుల మీదా, టీవీ కార్యక్రమాల మీదా జనం ఏమనుకుంటున్నారో ఇంటింటికీ పంపించి అడిగిస్తాం. మా అమ్మాయిలు తలుపు కొట్టి అడుగుతారు. వాళ్లు నిజంగా అడిగారో, చెట్టు కింద కూర్చుని నింపేశారో చూడటానికి మళ్లీ నేను వెళ్తాను. దాన్ని బ్యాక్‌చెక్ అంటారు. అంటే ఒకసారి విసుక్కున్న ఇంటికే రెండోసారి వెళ్లి విసిగించడం. అందుకు నాకు జీతం ఇస్తారు.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. ప్రశ్న ఎలా రాసి ఉందో అలాగే చదవాలి, ఒక్క అక్షరం మార్చకూడదు. దీన్ని వెర్బాటిమ్ అంటాం. "చూశారా?" అని ఉంటే "చూశారా?" అనే అడగాలి. అవతలివాళ్లు అయోమయంగా మొహం పెడితే మరోసారి అదే చదవాలి. కొత్తగా చేరిన పిల్లలకి ఇది వింతగా ఉంటుంది. ఒక్కొక్కరు ఒక్కోలా అడిగితే వచ్చే జవాబులు దేనికీ పనికిరావని వాళ్లకి చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది.

ఆ సిరీస్ పేరు 'ఏడో కక్ష్య'. ఖనిజాలు తవ్వి తెచ్చే ఒక అంతరిక్ష నౌక దారి తప్పిపోతుంది. దాన్ని నడిపే కంప్యూటర్ పేరు గౌరి. తయారుచేసిన ఇంజనీరు మా వైపు మనిషి కాబట్టి గౌరి మా వైపు మాటే మాట్లాడుతుంది. నౌకకి చిల్లు పడితే "బావా, గాలి తగ్గిపోతంది, బేగి తలుపేసెయ్" అంటుంది. కథలో కెప్టెన్ విసుక్కుంటాడు కానీ, అనకాపల్లిలో ఆ డైలాగ్ ఆటోల వెనక కూడా రాయించుకున్నారు. సినిమాల్లో ఇన్నాళ్లూ మా యాస పనివాడికో, వెకిలి వేషానికో ఇచ్చేవారు. మొదటిసారి ఒక నౌకకి ఇచ్చారు.

గౌరికి గొంతు ఇచ్చింది గవరపాలెం ఆవిడ, నూకరత్నం. అంతకు ముందు చీరల సేల్సుకీ, సర్కస్‌కీ ఆటోలో తిప్పే మైకు ప్రకటనలు చదివేది. మా ప్రాజెక్ట్ మేనేజర్ మూర్తిగారు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి విషయం చెప్పారు. "రెండో భాగం తీయాలా వద్దా అన్నది క్లయింటు ఇంకా తేల్చలేదు సత్యవతిగారూ. తీసినా గౌరి గొంతు మార్చేద్దామంటున్నారు. మిగతా జిల్లాలవాళ్లకి ఆ యాస ఎక్కడం లేదట. మీ జిల్లాలో మాత్రం గంటలకి గంటలు నడుస్తోందని వాళ్ల సర్వర్ చెబుతోంది. నిజంగా చూస్తున్నారా లేదా తేల్చండి."

సర్వర్‌కి తెలిసినప్పుడు మళ్లీ మనమెందుకని మీకు అనుమానం రావచ్చు. సర్వర్‌కి ఫోన్ తెలుస్తుంది, మనిషి తెలియడు. ఎంతసేపు ఆడిందో చెబుతుంది, దాన్ని వాచ్‌టైమ్ అంటారు. ఆ ఫోన్ ముందు ఒకరున్నారా, పదిమందున్నారా, ఎవరూ లేరా అన్నది దానికి అందదు.

ఎవరూ లేని సంగతి నాకు నెహ్రూచౌక్ దగ్గర సింహాచలం సెల్‌ఫోన్ల షాపులో తెలిసింది. మా ట్యాబ్ ఛార్జర్ పాడైతే అక్కడికే వెళ్తాను. సింహాచలం 'ఏడో కక్ష్య' అభిమానుల గ్రూపుకి పెద్ద. నౌక బొమ్మ షాపు షట్టర్ మీద వేయించుకున్నాడు. నేను వెళ్లేసరికి వాళ్ల బావ కొండబాబుతో వాదన నడుస్తోంది. కొండబాబు బెల్లం మార్కెట్లో గుమస్తా, ఏ మాటనీ ఊరికే వదలడు.

"ట్రెండింగ్‌లో నంబర్ వన్ వచ్చింది బావా. ఇంకేటి కావాలి నీకు?" అంటున్నాడు సింహాచలం.

"ట్రెండింగంటే ఆ పూట నొక్కినోళ్లు. నొక్కినోడల్లా సూసినట్టేటి? మా సిన్నోడు నొక్కి, ఓడ పైకి లేవకుండానే కార్టూన్లకి మార్సేసేడు. ఆడూ నీ లెక్కలో ఒకడేనా?"

"పోనీ, గంటలు లెక్కెట్టు."

"గంటలా! నీ షాపులో ఫోన్లన్నీ సౌండు తీసేసి పొద్దస్తమానం అదే తిప్పుతన్నావు. ఆ గంటలు సూసిందెవరు? గోడమీద బల్లా?"

షాపులో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. సింహాచలం మొహం చిన్నబుచ్చుకున్నాడు. చూస్తే నిజమే, అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టిన ఫోన్లన్నిట్లోనూ నౌక తిరుగుతోంది. ఒక్కదానికీ నోరు లేదు.

"అది అభిమానం బావా," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "మేడమ్, మీరు సెప్పండి. మా గ్రూపులో అందరం ఇలాగే తిప్పుతన్నాం. రెండో భాగం రావాలి గదా."

నాకు ఒళ్లు మండింది. "అలా తిప్పినవి వాళ్లకి తెలిసిపోతాయి సింహాచలం. మనిషి చూస్తుంటే మధ్యలో ఆపుతాడు, వెనక్కి తిప్పుకుంటాడు, అన్నానికి లేస్తాడు. మీ ఫోన్లు అన్నానికి లేవవు. మంచి చేస్తున్నాననుకుని నూకరత్నం నోటికాడ కూడు తీస్తున్నావు."

"మరైతే మీ సర్వేలో అయినా కాస్త మన ఊరి మాట నిలబెట్టండి మేడమ్," అన్నాడు నెమ్మదిగా.

"ఏది చెబితే అదే రాస్తాం," అని ఛార్జర్ తీసుకుని బయటికి వచ్చేశాను.

మేం ఇళ్లు ఎంచుకోం. ఒక మూల నుంచి మొదలుపెట్టి ఎడమచేతి వైపు కొన్ని ఇళ్లు వదిలి ఒక ఇల్లు పట్టుకుంటాం. అలా గవరపాలెంలో తిరుగుతుంటే మా అమ్మాయి తలుపు కొట్టిన ఇల్లు నూకరత్నానిదే అయింది. నేను పక్కనే ఉన్నాను. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: మీ ఇంట్లో ఎవరైనా టీవీ, సినిమా, ప్రకటనల రంగంలో పనిచేస్తున్నారా? ఉన్నారంటే అక్కడితో ఆపేసి, నమస్కారం పెట్టి వచ్చేయాలి. దాన్ని టెర్మినేట్ అంటారు. ఆ రంగంవాళ్లు తమ సరుకు గురించి తామే చెప్పుకుంటారని భయం.

"నేనే పన్జేత్తన్నాను గదమ్మా, గౌరి గొంతు నాదే," అంది ఆవిడ నవ్వుతూ. ఆ గొంతు నిజంగా గౌరిదే. మా అమ్మాయి ట్యాబ్ వంక చూసి, నా వంక చూసి, "టెర్మినేట్ మేడమ్," అంది.

నియమం ఏమిటో చెప్పాను. నూకరత్నం గుమ్మం దాటి ముందుకొచ్చింది. "అంటే నేను సూసినా లెక్కలోకి రానా అక్కా?"

"రావు."

"నా సిరీస్‌కి నేనే లెక్క లేనా!" అని పకపకా నవ్వింది. మజ్జిగ ఇచ్చింది. తాగుతుంటే నవ్వు ఆపి అడిగింది. "గొంతు మార్సేత్తారంట గదా. డబ్బింగు థియేటర్లో సెప్పేరు. మైకు పని ఇప్పుడు ఎవలూ పిలవరక్కా. ప్రకటనలన్నీ కంప్యూటరే సదివేత్తంది. ఇది కూడా పోతే నేను ఇంక నోరు మూసుకుని కూకోవడమే."

నేనేమీ మాట ఇవ్వలేదు. ఇవ్వడానికి నా చేతిలో ఏముంది? మజ్జిగ బాగుందని చెప్పి లేచాను.

పల్లెల్లో జవాబులు రావడం మొదలయ్యాక నాకే ఆశ్చర్యం వేసింది. మాడుగుల, ఎస్. రాయవరం, రోలుగుంట, ఎటు వెళ్లినా ఒకటే మాట. 'ఏడో కక్ష్య' చూశారా? సూళ్ళేదు. ఒక్క ఎపిసోడైనా? సూళ్ళేదు. ముఖ్యంగా ఆడవాళ్ల దగ్గర "అవును" అన్న జవాబు దాదాపు రాలేదు. కుర్రాళ్లు కొందరు చూశామన్నారు. సర్వర్‌లో కనబడుతున్న గంటలకీ ఈ జవాబులకీ ఎక్కడా పొంతన లేదు.

మూర్తిగారి ఫోన్ వెంటనే వచ్చింది. "నేను అనుకున్నంతా అయింది. అభిమానులు ఖాళీ ఫోన్లు తిప్పి గంటలు పెంచేశారండీ. క్లయింటువాళ్లు అలాంటివి కొన్ని పట్టుకున్నారు కూడా. మనుషులెవరూ చూడటం లేదని మీ సర్వే చెబుతోంది. రిపోర్టు అలాగే వెళ్లిపోతుంది."

"వెళ్లిపోతే?"

"రెండో భాగం లేదు. అంతే."

బల్లి సంగతి నాకు తెలుసు కాబట్టి ఎదురు చెప్పలేకపోయాను. కానీ ఒక సింహాచలం షాపూ, వాడి గ్రూపులో పిల్లలూ తిప్పితే జిల్లా అంతటా అన్ని గంటలు వస్తాయా అన్న అనుమానం ఒకటి మిగిలింది. అనుమానం వస్తే బ్యాక్‌చెక్ చేయాలి, అది నా ఉద్యోగం. ఆటో మాట్లాడుకుని రోలుగుంట వైపు బయలుదేరాను.

మొదటి ఇల్లు పైడమ్మది. అరవై దాటిన మనిషి. వెళ్లేసరికి పెరట్లో కట్టెల పొయ్యి మీద ధాన్యం ఉడకబెడుతోంది. పెద్ద డేగిసా, పొగ, చెమట. కోడలు పశువుల పాక దగ్గర ఉంది. పాక తలుపు తెరిచి ఉండి దూడ బయటికి వచ్చేస్తుంటే పైడమ్మ ఇటునుంచే గట్టిగా కేకేసింది.

"ఓలే, గాలి తగ్గిపోతంది, బేగి తలుపేసెయ్!"

కోడలు నవ్వుతూ తలుపు వేసింది. నేను ట్యాబ్ తెరిచి చూసుకున్నాను. మా రికార్డులో ఈవిడ జవాబు 'చూడలేదు.'

"పెద్దమ్మా, ఆ మాట ఎక్కడిది?"

"ఆ ఓడలోది. గౌరంతాది గదా."

"మొన్న మా అమ్మాయి అడిగితే చూడలేదన్నారట."

"సూళ్ళేదమ్మా. ఇన్నాను." నేనేదో అడ్డదిడ్డం అడిగినట్టు మొహం పెట్టింది. "సూడ్డానికి కాళీ ఏదీ? పొద్దు పొడిత్తే పొయ్యి, పశువులు, పొలం. మా మనవడి పోను అదిగో, ఆ సెంబులో పడేత్తాం. గట్టిగా ఇనబడతాది. పన్జేసుకుంటా ఇంతాం. ఈదిలో అమ్మలక్కలు కూడా వత్తారు, సింతపండు పిక్కలు తీసుకుంటా."

చూస్తే గట్టుమీద స్టీలు చెంబు, అందులో ఫోన్. తెర చెంబు గోడకి ఆనుకుని ఉంది. దాని మొహం ఎవరూ చూసే వీలే లేదు.

"ఓడ ఎలా ఉంటుందో చూడాలనిపించలేదా?"

"ఎందుకనిపించదు?" అంది కట్టె లోపలికి తోస్తూ. "మీ పిల్ల సూసేరా అంది, సూళ్ళేదన్నాను. ఉన్నమాట సెప్పేను. తప్పేటి?"

తప్పేం లేదు. మా అమ్మాయి ప్రశ్న ఉన్నదున్నట్టు చదివింది, పైడమ్మ ఉన్నదున్నట్టు జవాబిచ్చింది. ఆ చుట్టుపక్కల ఇళ్లలో కూడా అడిగాను. రొట్టెలు కాలుస్తూ విన్నవాళ్లు, గాదె కింద కూర్చుని చేటతో బియ్యం చెరుగుతూ విన్నవాళ్లు. అందరూ నిజాయితీగా "సూళ్ళేదు" అన్నవాళ్లే. ఆ గంటలు ఖాళీ ఫోన్లవి కావు. చెంబుల్లో ఫోన్లవి.

ఆటో ఎక్కగానే మూర్తిగారికి ఫోన్ చేశాను.

"చూడటం అంటే చూడటమే సత్యవతిగారూ. విన్నవాళ్లని చూసినవాళ్లలో ఎలా కలుపుతాం?"

"కలపమనలేదు. విన్నారా అని విడిగా అడగనివ్వండి. ప్రశ్న మార్చే హక్కు నాకు లేదు, మీకుంది."

"క్లయింటు ఒప్పుకోవాలి."

"ఒప్పించండి. లేకపోతే మనం పంపేది తప్పుడు రిపోర్టు. నా పేరు తీసేసి పంపుకోండి." పాతికేళ్ల సర్వీసులో పై అధికారితో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. ఆటో అబ్బాయి అద్దంలోంచి నన్ను చూస్తున్నాడు. "నువ్వు రోడ్డు చూడు నాయనా," అన్నాను.

క్లయింటు ఒప్పుకున్నాడు. రెండో విడతకి ఒక కొత్త ప్రశ్న చేరింది: చూడకపోయినా, పని చేసుకుంటూ విన్నారా? ఆ సంగతి ఊళ్లో ఎలా పొక్కిందో పొక్కింది. మళ్లీ సింహాచలం షాపుకి వెళ్లేసరికి అదే చర్చ.

"ఇన్నోణ్ణి సూసినోడిలో ఎలా కలుపుతారు?" అంటున్నాడు కొండబాబు. "సినిమాహాలు బయట నిలబడి పాటలిన్నోడు టికెట్టు కొన్నట్టేనా?"

"పాట ఇన్నోడు బయట నిలబడ్డాడు బావా. ఈళ్లు ఇంట్లో ఎట్టుకుని మొత్తం ఇన్నారు. గౌరి మాట నోటికొచ్చీసింది. సూసినోళ్లకి కూడా రాదు."

"మరి నీ ఓడ సంగతేటి? సూడకుండా ఇన్నోళ్లకి ఓడైతే ఏటి, పడవైతే ఏటి?"

"ముందు రెండో భాగం రానీ. ఓడ అందులో ఉంటాది గదా," అన్నాడు సింహాచలం. ఫోన్లు తిప్పడం మానేశాడు. గ్రూపంతటికీ 'విన్నా చూసినట్టే' అని పోస్టర్లు చేసి పంపాడు. సిరీస్ తీసినవాళ్ల పేజీ కింద రోజూ అదే రాయించాడు. వాడి ఉత్సాహం చూస్తే నాక్కూడా ముచ్చటేసింది.

రెండో విడత జవాబులు వచ్చాయి. చూశారా అన్నదానికి పాత జవాబే. విన్నారా అన్నదానికి పల్లెపల్లెకీ అవును, అవును, అవును. మా అమ్మాయిలు ఎండలో తిరిగొచ్చి కూడా హుషారుగా ఉన్నారు. రిపోర్టు వెళ్లింది. మూర్తిగారు మెచ్చుకుంటూ మెయిల్ పెట్టారు. నేను టీ పొడి సర్వేకి మారిపోయాను.

కొన్నాళ్లకి నూకరత్నం ఫోన్ చేసింది. గొంతులో సంతోషం పట్టలేకుండా ఉంది. "అక్కా, రెండో భాగం ఉందంట! గొంతు నాదేనంట! ఇదివరకటికన్నా ఎక్కువ మాటలు నాకు. మొత్తం నేనే సెప్పాలంట."

"మొత్తం అంటే?"

"అంటే ఇంక బొమ్మ ఉండదంట అక్కా. ఆడియో సిరీసంట. జనం ఎలాగూ ఇంటన్నారే గానీ సూడ్డం లేదు గదా, బొమ్మలకి అంత కర్సెందుకన్నారంట. కిటికీలోంచి ఏటి కనబడతందో కూడా నేనే సెప్తాను." గొంతు తగ్గించి అడిగింది. "నాకు పని దొరికింది. సంతోషించొచ్చా, లేదా?"

"సంతోషించు," అన్నాను. నిజంగానే అన్నాను. ఆవిడ నోరు మూసుకుని కూర్చోవాల్సిన పని తప్పింది.

సింహాచలం మాత్రం నన్ను చూడగానే కౌంటర్ మీద చెయ్యి కొట్టాడు. "ఏటి మేడమ్ ఇది? ఓడ తీసేసేరు! మనం ఇన్నోళ్లని కూడా కలపమన్నాం గానీ, సూసేవోళ్లని తీసీమన్నామా?"

కొండబాబు పక్కనే ఉన్నాడు. అద్దాల బీరువాలో ఫోన్లు ఒక్కొక్కటే చూస్తున్నాడు.

"మేం రాసింది నిజం సింహాచలం," అన్నాను. "వింటున్నారా అని అడిగాం. వింటున్నామన్నారు."

"సూడాలనుందా అనడిగేరా?"

"లేదు," అన్నాను. "ఆ ప్రశ్న లేదు." పైడమ్మ పెరట్లో నేను అడిగింది అదే, ఆవిడ జవాబు కూడా చెప్పింది. కానీ అది నేను నోటిమాటగా అడిగింది. కొత్త ప్రశ్న రాయించేటప్పుడు దాని ఊసే ఎత్తలేదు.

కిందటేడు టీవీల మీద సర్వే పడి మళ్లీ రోలుగుంట వెళ్లాను. పైడమ్మ నన్ను గుర్తుపట్టింది. నడుం నొప్పి వచ్చి పొలం పని మానేసిందట. పొయ్యి కూడా కోడలే చూసుకుంటోందట. కొడుకు పెద్ద టీవీ కొన్నాడు. గదిలోకి తీసుకెళ్లి చూపించింది. ఎదురుగా దిండు వేసిన కుర్చీ, ఆవిడ కోసమే.

"ఆ ఓడది రెండోది వచ్చిందంటే, ఈసారి కూకుని సూద్దారని పొద్దుట్నుంచి తయారయ్యేనమ్మా," అంది. "మనవడు ఎట్టేడు. మాటలొత్తన్నాయి. తెర నల్లగానే ఉంది. టీవీ పాడైపోయిందేటో సూడవా?"

రిమోట్ తీసుకున్నాను. గౌరి మాట్లాడుతోంది, గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. టీవీకి ఏ జబ్బూ లేదు. ఈ ఉద్యోగం నాకు నేర్పింది అంతా కలిపి ఆ గదిలోనే ఉంది. మేం జనం ఏం చేస్తున్నారని అడుగుతాం. క్లయింటువాళ్లు దాన్ని చూసి జనానికి ఏది సరిపోతుందో తేల్చేస్తారు. పైడమ్మ ఇంకా తెర వంకే చూస్తోంది, బొమ్మ వస్తుందని.